నారు పోసినవాడు నీరు పోస్తాడా?
(జనాభా, తిండిగింజలు: మూడు వాదాలు, మన ఇంటి లెక్క)



ఆమధ్య ఒక ఊళ్ళో రచ్చబండ దగ్గర సమావేశం పెట్టుకున్నాం. కుటుంబ నియంత్రణ గురించి నేను చెప్పవలసినదంతా చెప్పాను. చివర్లో ఒక పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకుంటూ లేచాడు.

"అమ్మాయ్, నా చిన్నతనంలో కూడా మీలాంటివాళ్ళే వచ్చారు. జనం పెరిగిపోతున్నారు, తిండి చాలదు, పిల్లల్ని తగ్గించండి అన్నారు. అప్పుడు ఊళ్ళో ఎంతమంది? ఇప్పుడెంతమంది? అయినా అప్పుడు గంజి తాగినవాళ్ళం ఇప్పుడు అన్నం తింటున్నాం. రేషను బియ్యం కూడా ఇస్తున్నారు. మరి మీ మాట నిజమా? నారు పోసినవాడు నీరు పోయడా అన్న మా నాయన మాట నిజమా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని అది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు. ఇదే ప్రశ్న మీద పెద్దపెద్ద పండితులు రెండు వందల ఏళ్ళకు పైగా వాదించుకుంటున్నారు. ఆ పెద్దాయనకు ఆ రోజు పొద్దుపోయి సగమే జవాబు చెప్పాను. మిగతా సగం ఈ కాగితంలో రాస్తున్నాను. భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని చదవండి. చదువు రానివారికి చదివి వినిపించండి.

మొదటి వాదం: నోళ్ళు పెరుగుతాయి, నేల పెరగదు

ఇంగ్లాండులో మాల్థస్ అనే ఒక క్రైస్తవ మతాచార్యుడు ఉండేవాడు. 1798లో ఆయన జనాభా మీద ఒక పుస్తకం రాశాడు. దాని సారాంశం ఇది. అడ్డు లేకపోతే జనం 25 ఏళ్ళకొకసారి రెట్టింపవుతారు. అంటే 1, 2, 4, 8, 16, 32 ఇలా పోతుంది. పంట మాత్రం అంత వేగంగా పెరగదు. 1, 2, 3, 4, 5, 6 ఇలా ఒక్కొక్క మెట్టు ఎక్కుతుంది. ఈ లెక్కన రెండు వందల ఏళ్ళలో జనం 256 వంతులైతే తిండి 9 వంతులే అవుతుంది. కాబట్టి కరువులు, రోగాలు, యుద్ధాలు వచ్చి జనాన్ని తగ్గించక తప్పదన్నాడు.

ఈయనకు మన దేశంతో ఒక సంబంధం ఉంది. మనల్ని ఏలిన ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులకు చదువు చెప్పించడానికి ఇంగ్లాండులో ఒక కళాశాల పెట్టింది. 1805 నుంచి మాల్థస్ అందులో ప్రొఫెసరు. మన జిల్లాలకు వచ్చిన దొరలు చాలామంది ఆ కళాశాలలో చదివినవాళ్ళే.

ఇంకొక సంగతి చెబితే మీకు ఆశ్చర్యం వేస్తుంది. మాల్థస్ గర్భనిరోధక పద్ధతులను ఒప్పుకోలేదు. పెళ్ళి ఆలస్యంగా చేసుకోవాలి, కుటుంబాన్ని పోషించే శక్తి వచ్చేదాకా ఆగాలి అన్నాడు. తనకు మాత్రం ముగ్గురు పిల్లలు.

మాల్థస్ లెక్క ఏమయింది? ఆయన రాసిన రోజుల్లో ప్రపంచ జనాభా సుమారు 100 కోట్లు. 2022 నవంబరులో అది 800 కోట్లు దాటింది. 256 రెట్లు కాలేదు, ఎనిమిది రెట్లు అయింది. తిండి అంతకంటే ఎక్కువ పెరిగింది. 1968లో పాల్ ఎర్లిక్ అనే అమెరికా శాస్త్రవేత్త కూడా మాల్థస్ బాటలోనే నడిచి, 1970లలో కోట్లమంది ఆకలితో చస్తారని పుస్తకం రాశాడు. ఆయన చెప్పినంత ఘోరం జరగలేదు. అలాగని మాల్థస్ మాటలో నిజమే లేదా? ఉంది. అది ఎక్కడుందో తరవాత చూద్దాం.

రెండో వాదం: నోటితో పాటు రెండు చేతులు కూడా వస్తాయి

"పుట్టిన ప్రతి బిడ్డా ఒక నోరు, రెండు చేతులు తెచ్చుకుంటాడు" అని మన ఊళ్ళలో అంటూ ఉంటారు. ఇంచుమించు ఈ మాటనే శాస్త్రంగా చెప్పిన ఆవిడ ఒకరున్నారు. పేరు ఎస్టర్ బోసెరప్, డెన్మార్క్ దేశస్థురాలు. 1965లో ఆవిడ రాసిన పుస్తకం మాల్థస్ మాటను తలకిందులు చేసింది. తిండిని బట్టి జనం కాదు, జనాన్ని బట్టి తిండి అన్నది ఆవిడ. మనుషులు తక్కువగా ఉంటే అడవి నరికి, కాల్చి, ఒక పంట వేసి, ఆ నేలను ఏళ్ళ తరబడి బీడు పెడతారు. మనుషులు పెరిగేకొద్దీ బీడు తగ్గుతుంది. దుక్కి వస్తుంది, ఎరువు వస్తుంది, నీటి పారుదల వస్తుంది, ఏడాదికి రెండు పంటలు వస్తాయి. అవసరమే మనిషికి పని నేర్పుతుంది.

మన నేలమీదే దీనికి సాక్ష్యాలున్నాయి. గోదావరి పక్కనే పారుతున్నా ఆ జిల్లాల్లో ఒకప్పుడు కరువులుండేవి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. అప్పటి నుంచి అది అన్నపూర్ణ అయింది. తరవాత నాగార్జునసాగర్ వచ్చింది. 1967లో కాలవలకు నీళ్ళు వదిలారు.

విత్తనం సంగతి కూడా అంతే. 1966లో ఫిలిప్పీన్సులో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఐ.ఆర్.8 అనే పొట్టి వరి వంగడాన్ని విడుదల చేసింది. పాత పొడుగు వరి ఎరువు వేస్తే ఏపుగా పెరిగి పడిపోయేది. ఇది పడిపోకుండా గింజ పట్టేది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దీన్ని పండించి చూపించారు. అన్నం అంత రుచిగా లేదని జనం పెదవి విరిచినా గాదెలు నిండాయి. తరవాత మనవాళ్ళే మంచి వంగడాలు తయారుచేశారు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బి.పి.టి. 5204, అంటే మనం తినే సాంబ మసూరి, అలాంటిదే.

లెక్క చూడండి. 1950–51లో మన దేశంలో తిండిగింజలు సుమారు 5 కోట్ల టన్నులు పండాయి. అప్పుడు జనం 36 కోట్లు. తలకు ఏడాదికి సుమారు 140 కిలోలు. 2022–23లో దాదాపు 33 కోట్ల టన్నులు పండాయి. 2023లో జనం సుమారు 142 కోట్లు. తలకు 230 కిలోలు. జనం నాలుగు రెట్లయితే గింజలు ఆరు రెట్లకు మించి పెరిగాయి. హెక్టారుకు వచ్చే బియ్యం కూడా నాలుగు రెట్లయింది. రచ్చబండ దగ్గర పెద్దాయన చెప్పింది అబద్ధం కాదు.

కాని దీనికి మనం ఏం చెల్లించామో కూడా చెప్పుకోవాలి. నూరడుగుల్లో నీళ్ళు పడే చోట బోరు ఎన్ని వందల అడుగులు దింపుతున్నారో మీకు తెలియనిది కాదు. ఎరువు లేనిదే నేల పలకడం లేదు. వాన అదను తప్పుతోంది. హరితవిప్లవానికి ఆద్యుడైన నార్మన్ బోర్లాగ్ 1970లో నోబెల్ శాంతి బహుమతి తీసుకున్నారు. ఆయన కూడా దీనితో ఆకలి శాశ్వతంగా పోయిందని గొప్ప చెప్పుకోలేదు. మనకు ఊపిరి పీల్చుకునే వ్యవధి మాత్రమే దొరికిందని, జనాభా సంగతి కూడా చూసుకోవాలని హెచ్చరించారు.

మూడో వాదం: గింజలున్నాయి సరే, కొనుక్కునే శక్తి ఎవరికి ఉంది?

రాయలసీమ వారి తాతముత్తాతలు ధాత కరువు గురించి చెప్పేవారు. అది 1876–78 నాటి మాట. మద్రాసు రాజధాని జిల్లాలు, మైసూరు, బొంబాయి ప్రాంతాలు మాడిపోయాయి. లక్షలమంది చచ్చిపోయారు. అప్పుడు పై అధికారుల్లో కొందరు మాల్థస్ మాటనే వల్లించారు. జనం ఎక్కువ, తిండి తక్కువ, మనమేం చేస్తాం అన్నారు. కరువు పనుల్లో రోజంతా ఒళ్ళు వంచే మగమనిషి కూలిని ఒక దశలో ఒక పౌను గింజలకు, ఒక అణాకు తగ్గించారు. పౌను అంటే అరకిలో కూడా కాదు. అదే కరువు రోజుల్లో మన దేశం నుంచి ధాన్యం ఓడలకెక్కి విదేశాలకు పోతూనే ఉంది!

1943లో బెంగాలులో కరువు వచ్చింది. ఇరవై, ముప్పై లక్షలమంది చనిపోయారని అంచనా. అప్పుడు పిల్లవాడుగా ఆ కరువును కళ్ళారా చూసిన అమర్త్యసేన్ పెద్దయి ఆర్థిక శాస్త్రవేత్త అయ్యారు. 1981లో కరువుల మీద ఒక పుస్తకం రాశారు. 1998లో నోబెల్ బహుమతి పొందారు. ఆయన లెక్కలు తీసి చూస్తే 1943లో బెంగాలులో ఉన్న తిండి 1941లో కన్నా తక్కువ కాదు. మరి జనం ఎందుకు చచ్చారు? యుద్ధం వల్ల బియ్యం ధర ఆకాశానికి ఎక్కింది. వ్యవసాయ కూలీల కూలి మాత్రం పెరగలేదు. చేపలు పట్టేవారు, క్షవరం చేసేవారు, చేతి పనులవారు తమ పనికి బదులుగా బియ్యం పొందలేకపోయారు. అంగట్లో బియ్యం ఉంది, చేతిలో డబ్బు లేదు. ఆయన లెక్కలతో ఏకీభవించని పండితులు కూడా కొందరున్నారు. కాని గింజ పండటం ఒక ఎత్తు, అది పేదవాడి కంచంలోకి రావడం మరో ఎత్తు అన్న మాటను ఈనాడు ఎవరూ కాదనలేరు.

రేషను కార్డు, ఉపాధి హామీ పని, బడిలో మధ్యాహ్న భోజనం ఇవన్నీ ఆ రెండో ఎత్తు దాటించడానికి వచ్చినవే. కనుక ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి. "పేదవాళ్ళు పిల్లల్ని ఎక్కువ కంటారు, అందుకే దేశంలో ఆకలి" అని ఎవరైనా మిమ్మల్ని నిందిస్తే తలవంచుకోనక్కరలేదు. ఆకలికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి.

అయితే ఎవరి మాట నిజం?

ముగ్గురి మాటా కొంత నిజం. ప్రపంచం మొత్తానికి మాల్థస్ లెక్క తప్పింది. తెలివి, నీరు, విత్తనం కలిస్తే పంట పెరుగుతుందని రుజువయింది. పంట పెరిగినా పంపకం సరిగా లేకపోతే ఆకలి పోదనీ రుజువయింది. ఇంకో విశేషం కూడా ఉంది. మాల్థస్ కరువు, రోగం వచ్చి జనాన్ని తగ్గిస్తాయన్నాడు. జరిగింది వేరు. బిడ్డలు బతకడం మొదలయ్యాక, ఆడపిల్లలు చదువుకున్నాక, తల్లిదండ్రులే తమంతట తాము తక్కువమందిని కనడం మొదలుపెట్టారు.

మన అమ్మమ్మలు, నానమ్మలు తెలియక ఎక్కువమందిని కన్నారని అనుకోకండి. 1971లో మన దేశంలో పుట్టిన వెయ్యిమంది బిడ్డల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. ఎంతమంది దక్కుతారో తెలియనప్పుడు ఇద్దరితో ఆగమంటే ఎవరు ఆగుతారు? 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, మంచినీళ్ళు దీనికి కారణం. అదే కాలంలో కాన్పులూ తగ్గాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992–93లో చూసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019–21 నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా ఉన్నంతలో నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. అంటే మన రెండు రాష్ట్రాలూ ఆ గీత కిందికి వచ్చేశాయి. ఇప్పుడు కొందరు పిల్లలు తగ్గిపోతున్నారని, ముందుముందు ముసలివాళ్ళే మిగులుతారని బెంగపడుతున్నారు.

"అయితే ఇక మీ కాగితంతో పనేముంది?" అంటారేమో. పని ఉంది. ఎందుకంటే దేశం లెక్క వేరు, మన ఇంటి లెక్క వేరు.

మన ఇంటి లెక్క

మాల్థస్ మాట దేశానికి తప్పినా, ఒకచోట మాత్రం ఇప్పటికీ నిజమే. అది మన గట్టు లోపలి పొలం. కొత్త వంగడం వస్తే పంట పెరుగుతుంది కాని, గట్టు జరగదు. తాతకు ఎనిమిది ఎకరాలు అనుకోండి. నలుగురు పిల్లలు. ఆడపిల్లలకు కూడా సమాన హక్కు ఉందని 1986 నాటి రాష్ట్ర చట్టం, 2005 నాటి కేంద్ర చట్టం చెబుతున్నాయి. కాబట్టి తలా రెండెకరాలు. వాళ్ళకు మళ్ళీ నలుగురేసి అయితే తలా యాభై సెంట్లు. యాభై సెంట్లలో అరక తిరుగుతుందా? అదే ఇద్దరేసి అయితే పిల్లలకు నాలుగేసి, మనవలకు రెండేసి ఎకరాలు. పొలం లేనివారికి ఈ లెక్క చదువు రూపంలో వస్తుంది. ఇద్దరిని ఇంటర్మీడియట్ దాటించగల కూలి డబ్బు నలుగురిని దాటించలేదు. అప్పుడు ముందుగా బడి మానేది ఎవరు? పెద్ద ఆడపిల్ల. చంటిబిడ్డను ఎత్తుకోవడానికి.

బోసెరప్ చెప్పిన చేతుల మాట కూడా ఇంట్లో మారిపోయింది. ఒకప్పుడు ఎనిమిదేళ్ళ కుర్రవాడు పశువులు కాచేవాడు. ఇప్పుడు బడికి పోతున్నాడు. పోవాలి కూడా. నాట్లకు, కోతకు యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు కావలసింది ఎక్కువ చేతులు కాదు, చదువు, పనితనం నేర్చిన చేతులు.

ఇక సేన్ గారు చెప్పిన పంపకం మాట. అది దేశంలోనే కాదు, ఇంట్లో కూడా ఉంది. ఇంట్లో అందరికన్నా చివర తినేది ఎవరు? కూర గిన్నె అడుగు మిగిలితే ఆవిడకు, లేకపోతే పచ్చడి మెతుకులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో సగంకన్నా ఎక్కువమందికి రక్తహీనత ఉందని 2019–21 సర్వే చెబుతోంది. బియ్యం ఉన్నా రక్తం లేదు! అన్నం ఒక్కటే తిండి కాదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు కావాలి. ఒక కాన్పులో పోయిన రక్తం తిరిగి పట్టకముందే మళ్ళీ కడుపు వస్తే ఆ తల్లి ఏమవుతుంది? బిడ్డ బరువు తక్కువగా పుడుతుంది, కాన్పు ప్రాణం మీదికి వస్తుంది. ఈ కాగితం రాయడానికి అసలు కారణం ఇదే. దేశపు గాదె కోసం కాదు, ఈ తల్లి ఒంట్లో రక్తం కోసం.

ఎవరు నిర్ణయించాలి?

మీరిద్దరే. 1975–77 ఎమర్జెన్సీ కాలంలో దేశంలో చాలాచోట్ల బలవంతపు ఆపరేషన్లు జరిగాయి. 1976–77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. ఆ భయం వల్ల జనం ఆరోగ్య కార్యకర్తను చూస్తేనే తలుపులు వేసుకునే పరిస్థితి వచ్చింది. మంచి పని బలవంతంతో చెడిపోతుందని దేశం నేర్చుకుంది. ఇంతమందికే ఆపరేషన్ చేయించాలని పై నుంచి కోటాలు పెట్టే పద్ధతిని 1996లో ఎత్తేశారు. తక్కువమందిని కనమని ఒకరు ఒత్తిడి చేసినా, ఎక్కువమందిని కనమని మరొకరు చెప్పినా, మోసేది, కనేది, పెంచేది మీరు. అత్తగారి మాట, ఊరి మాట వినండి. తీర్మానం మీరు చేసుకోండి.

నారుమడి చెప్పే జవాబు

పెద్దాయన అడిగిన సామెతకు ఇప్పుడు జవాబు చెబుతాను. నారు పోసినవాడు నీరు పోయడా? పోస్తాడు. కాని నీరు ఎంత ఉందో చూసుకుని నారు పోసేవాడే రైతు. కాలవలో నీళ్ళు రెండెకరాలకే వచ్చే ఏడాది పదెకరాలకు నారు పోసే రైతును నేను చూడలేదు. నాటేటప్పుడు కూడా కుదురుకూ కుదురుకూ మధ్య ఎడం ఉంచుతాం. ఎడం ఉంటేనే పిలకలు వేస్తుంది, కంకి నిండుతుంది. కాన్పుకూ కాన్పుకూ మధ్య కూడా అంతే. ఒక బిడ్డ పుట్టాక కనీసం రెండేళ్ళు నిండేవరకు మళ్ళీ కడుపు రాకుండా చూసుకోవాలి. అంటే ఇద్దరి బిడ్డల మధ్య సుమారు మూడేళ్ళ ఎడం.

ఆ ఎడానికి మన ఆరోగ్య కేంద్రంలో ఇవి ఉచితంగా దొరుకుతాయి:

నిరోధ్: మగవారు వాడేది. సుఖవ్యాధులు అంటకుండా కూడా కాపాడుతుంది.

మాలా–ఎన్ మాత్రలు: రోజుకొకటి, మరవకుండా వేసుకోవాలి.

ఛాయా మాత్రలు: మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరవాత వారానికొకటి.

అంతర ఇంజెక్షన్: మూడు నెలలకొకసారి. బహిష్టు తీరులో మార్పు రావచ్చు. భయపడకండి, వచ్చి చెప్పండి.

కాపర్–టి: రకాన్ని బట్టి అయిదేళ్ళు లేదా పదేళ్ళు పనిచేస్తుంది. కావాలంటే మధ్యలో తీయించుకోవచ్చు. మొదటి కొన్ని నెలలు బహిష్టు కొంచెం ఎక్కువ కావచ్చు.

ఇక పిల్లలు చాలు అని ఇద్దరూ నిశ్చయించుకున్నాకనే ఆపరేషన్ మాట. ఇక్కడ మగవారికి ఒక మాట చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019–21 సర్వే ప్రకారం పెళ్ళయిన ఆడవారిలో నూటికి సుమారు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మగవారు నూటికి ఒక్కరు కూడా లేరు! అయ్యా, ఇది ఏం న్యాయం? మగవారి ఆపరేషన్ కోత లేకుండా, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆడవారి ఆపరేషన్ కన్నా చిన్నది. బలం తగ్గదు, మగతనం పోదు. కొద్ది రోజుల విశ్రాంతి తరవాత నాగలి పట్టవచ్చు. అయితే ఆపరేషన్ అయిన మూడు నెలల వరకు నిరోధ్ వాడి, తరవాత పరీక్ష చేయించుకోవాలి. అంతవరకు ఫలితం రానట్టే లెక్క.

మీ ఒంటికి ఏది సరిపోతుందో ఏ.ఎన్.ఎమ్. గారినో, ఆశా కార్యకర్తనో, డాక్టరు గారినో అడిగి తెలుసుకోండి. ఒక పద్ధతి పడకపోతే ఇంకొకటి ఉంది. సిగ్గుపడి ఊరుకోకండి.

పెద్దాయన మనవరాలు మొన్న మా కేంద్రానికి వచ్చింది. చంకలో తొమ్మిది నెలల బిడ్డ. వెంట ఆమె భర్త కూడా వచ్చాడు. ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చుని అరగంట సేపు అడిగి తెలుసుకున్నారు. మీరు కూడా అలాగే ఇద్దరూ కలిసి రండి. మీ ఇంటి లెక్క మీరే వేసుకోండి.